బల్ల మీద పుస్తకం ఉంటే మనిషి వస్తున్నట్టే

బషీర్ అంకుల్ పోయారన్న కబురు నాకు మధ్యాహ్నం భోజనానికి లేవబోతుండగా అందింది. రోజూ ఆ వేళకు ఆయన దగ్గర్నుంచి నాకొక ఫోన్ వచ్చేది. "బిడ్డా, నువ్వు ముందుగాల పోయి సీటు పట్టు, నేను ఎన్క వస్త" అని ఒకటే మాట. ఆ రోజు ఉదయం నుంచి ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే క్లయింట్ ఆఫీసుకు వెళ్ళి ఉంటారులే అనుకున్నాను. ఫోన్ మోగింది, తెర మీద ఆయన పేరే కనిపించింది. "వెళ్తున్నానండీ బాబూ, వెళ్తున్నా" అన్నాను. అటునుంచి మాట్లాడింది ఆయన కూతురు సనా.

"అక్కా, అబ్బా ఈజ్ గాన్."

"ఎక్కడికి వెళ్ళారు?" అన్నాను. నిజంగా అలాగే అడిగాను. ఆ పిల్ల ఏడుపు చెవిన పడ్డాక గానీ నాకు విషయం తలకెక్కలేదు. తెల్లవారి నమాజు చేసుకుని, చాయ్ తాగుతూ, కుర్చీలోనే ఒరిగిపోయారట. గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. అంత విశాలమైన గుండెకు ఆగిపోవడానికి మనసెలా ఒప్పిందో నాకు తెలియదు. ఆ సౌజన్యమూర్తి గురించి 'ఉండేవారు', 'అనేవారు' అని రాయడం నా చేతికి ఇంకా అలవాటు కాలేదు. చదువరులు మన్నించాలి.

ఆయన పూర్తి పేరు మహమ్మద్ బషీరుద్దీన్. స్వస్థలం హన్మకొండ. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గడప దాటితే తెలుగు. బ్యాంకుల సాఫ్ట్‌వేర్ పని మీద సింగపూర్ వచ్చి, బుకిట్ బటోక్‌లో ఫ్లాట్ తీసుకుని ఇక్కడే స్థిరపడ్డారు. మా ఆఫీసులుండే వన్-నార్త్ పేటలో అద్దాల భవనాలు ఒకదాని వెనక ఒకటి లేస్తూ, కంపెనీలు విమానాల కొద్దీ మనవాళ్ళను దింపుకుంటున్న ఈ రోజుల్లో మా ఆఫీసులో ఆయన అందరికంటే పెద్ద, అందరికంటే నెమ్మది. కీర్తి కండూతి ఆయన దరిదాపులకు రాలేదు. తెలుగు మిత్రులు కొందరు సన్మానం చేస్తామని వస్తే, "ఈ ఊరి ఉక్కకు శాలువ కప్పుతరా భాయ్, పాపం తగుల్తది" అని నవ్వి పంపించేశారు. ఆయనకు దక్కవలసిన నాలుగు మంచి మాటలు ఇప్పుడు నేను రాస్తున్నాను. కాదనడానికి ఆయన లేరు.

సింగపూర్‌లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు గానీ మిగిలినవారి కోసం ఒక ఆచారం గురించి చెప్పాలి. ఇక్కడ హాకర్ సెంటర్ అంటే ఒకే కప్పు కింద పదుల కొద్దీ తిండి కొట్లు, మధ్యలో అందరికీ ఉమ్మడి బల్లలు. మధ్యాహ్నం వేళ అక్కడ కుర్చీ దొరకడం గగనం. అందుకని ముందు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్టో, గొడుగో పెట్టి, ఆ తర్వాత తిండి కోసం వరుసలో నిలబడతారు. దీన్ని 'చోప్' చేయడం అంటారు. ప్యాకెట్ ఉన్న బల్లను ఎంత పెద్ద మనిషైనా ముట్టుకోడు. మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి వేసే కర్చీఫ్‌కు కూడా ఇంతటి గౌరవం దక్కలేదు.

బషీర్ అంకుల్ మాత్రం టిష్యూ ప్యాకెట్ పెట్టేవారు కాదు. ఒక తెలుగు పుస్తకం పెట్టేవారు. అట్ట లేదు, మొదటి పుటలు లేవు, వీపుకు గోధుమరంగు కాగితం అంటించి ఉంది. పేరేమిటో, రాసినవారెవరో తెలిసే వీలు లేదు. ఇదేమిటండీ అని నేను ఆశ్చర్యపోతే, "టిష్యూ ప్యాకెట్ అయితే ఎవడన్న జేబుల ఏసుకుంటడు బిడ్డా. తెలుగు పుస్తకం ఎవ్వడు ముట్టడు. మనోళ్ళు అసలే ముట్టరు" అన్నారు.

ఆ చివరి మాట నాకు చురుక్కుమంది, ఎందుకంటే అది నా గురించే. నేను గుంటూరు జిల్లా దాన్ని. ర్యాంకుల కోసం పిల్లల్ని తోమే హాస్టల్లో పెరిగాను. అక్కడ దిండు కింద కథల పత్రిక దొరికితే వార్డెన్ మా నాన్నగారికి ఫోన్ చేసేది. నాకు పుస్తకమంటే పరీక్ష. పరీక్షలయ్యాయి, ఉద్యోగం వచ్చింది, ఇక జన్మలో అచ్చు కాగితం ముట్టుకోనక్కర్లేదని సంబరపడ్డాను. యూ టీ అనే పేటలో మరో ఇద్దరు అమ్మాయిలతో ఒక గది పంచుకుంటూ, ఆఫీసు, రైలు, నిద్ర తప్ప వేరే లోకం లేకుండా బతికాను. దిగులుగా ఉందని కూడా నాకు తెలిసేది కాదు. పని ఎక్కువైందనుకునేదాన్ని.

చేరిన కొత్తలోనే నన్ను అంకుల్ సీటు పట్టే పనికి నియమించారు. నాకు ఒళ్ళు మండింది. ఇంజినీరింగ్ చదివి కుర్చీలకు కాపలానా? ఆ పుస్తకం బల్ల మీద పడేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ ఆయన రారు. ఫోన్‌లో చూసుకోవడానికి ఏమీ లేదు. చివరికి విసుగెత్తి పుస్తకం తెరిచాను. నాటక సమాజంతో వెళ్ళిపోయిన అన్నను వెతుక్కుంటూ ఊరూరా తిరిగే ఒక చెల్లెలి కథ అది. ఆ పిల్ల ఒక డేరా వెనక నిలబడి, లోపల పద్యం పాడుతున్న గొంతు తన అన్నదేనా కాదా అని ఊపిరి బిగపట్టి వింటోంది. సరిగ్గా అప్పుడు అంకుల్ పళ్ళెంతో వచ్చి, నా చేతిలోంచి పుస్తకం నెమ్మదిగా తీసుకుని తన కుర్చీ మీద పెట్టుకున్నారు.

"ఆ గొంతు అతనిదేనాండీ?" అన్నాను.

"నాకేం ఎరుక? రేపు మల్ల జల్ది వచ్చి సీటు పట్టు. నువ్వే సదువుకో."

"ఇంటికి తీసుకెళ్ళి రేపు ఇచ్చేస్తానండీ."

"ఇంటికి ఇస్త గని, సీటుకు ఏం పెట్టాలె?"

మర్నాడు నేను కొంచెం ముందే వెళ్ళాను. ఆ మర్నాడు ఇంకొంచెం ముందు. నాకు ఆకలి ఇంత త్వరగా ఎందుకు వేస్తోందో అర్థంకాక మా మేనేజరు ఒక రోజు తన బిస్కట్ల డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు, పాపం. అంకుల్ కావాలనే ఆలస్యంగా వచ్చేవారని నాకు చాలా కాలం తట్టలేదు. మీటింగు ఉందనేవారు గానీ ఆయనకు ఆ వేళ మీటింగులే ఉండేవి కాదట.

ఆ పుస్తకం ఆయన చేతికి ఎలా వచ్చిందో ఒకసారి పరోటా తుంచుకుంటూ చెప్పారు. చిన్నతనంలో తండ్రితో వరంగల్ బస్టాండులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నారట. బయట జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆ తొక్కిడిలో ఒకావిడ దగ్గర కర్చీఫ్ లేదు కాబోలు, చేతిలో ఉన్న పుస్తకాన్నే కిటికీలోంచి ఆయన పక్క సీట్లో వేసి, "బాబూ, సీటు చూడు, వస్తున్నా" అంది. ఆవిడ ఎక్కలేకపోయింది. బస్సు కదిలిపోయింది. ఈయన మాత్రం ఆ సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. "ఆమె వస్తది, ఆమె వస్తది" అని పోట్లాడారు. చివరికి బస్తాతో ఎక్కిన ఒక మనిషి కూర్చోనే కూర్చున్నాడు. పుస్తకం ఈయన ఒళ్ళోకి వచ్చింది.

"మా ఇంట్ల తెలుగు సదువుడు ఎవరికీ రాదు. నాది ఉర్దూ మీడియం. ఆమె పేరు అండ్ల ఉంటదేమో, తీస్కపోయి ఇద్దామని పక్కింటి నర్సమ్మత్త దగ్గర అచ్చరాలు నేర్సుకున్న. పేరు దొరకలే బిడ్డా. కథ దొరికింది" అన్నారు.

ఆ కథ తర్వాత ఇంకో కథ, ఆ తర్వాత మరొకటి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, చేతికి ఏది దొరికితే అది. ఒక జీవితకాలపు పఠనవ్యసనానికి ఒక అపరిచిత స్త్రీ తొందరపాటు కారణమైంది. బస్టాండుకు వెళ్ళినప్పుడల్లా ఆ పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళేవారట, ఆవిడ గుర్తుపడుతుందేమోనని. సింగపూర్‌లో ఆవిడ ఎలా కనిపిస్తుందండీ అని నేను వెక్కిరిస్తే ఆయన నొచ్చుకోలేదు. "ఆ అమ్మ నన్ను సీటు చూడుమన్నది. ఇంక చూస్తనే ఉన్న" అన్నారు.

ఆయన్ని మహాత్ముణ్ని చేస్తున్నానని ఎవరూ అనుకోకూడదు. లోపాలు బోలెడు. పుటల మూలలు మడిచేవారు. హాస్యకథ వినిపిస్తూ నవ్వొచ్చే చోటు రాకముందే తాను నవ్వేసేవారు. నీతులు చెప్పే పుస్తకాలంటే ఆగ్రహం. "మా అమ్మ మస్తుగ చెప్పింది, మల్ల ఈయనతోని ఎందుకు?" అని పక్కన పెట్టేసేవారు. ఆయన భార్య తబస్సుమ్ ఆంటీ ఫిర్యాదు వేరు. "పెండ్లికి పోతే నా పక్క కుర్చీల గా కితాబు పెట్టి ఈయన బిర్యానీ దిక్కు పోతడు. మొగుడు ఏడీ అంటే కితాబు చూపెట్టాలె నేను" అనేది. ఆ ఇంట్లో ఈ ఒక్క విషయంలో తల్లీకూతుళ్ళది ఒకే మాట. "అబ్బా గాట్ హిజ్ ఓన్ సిస్టమ్ లా, కెనాట్ చేంజ్" అని సనా తన సింగపూర్ ఇంగ్లీషులో చేతులెత్తేసేది.

ఇక ఆ పుస్తకం పోయిన రోజు సంగతి చెప్పాలి. నాకు చివరి ప్రకరణం ఒక్కటే మిగిలింది. ఆ రోజు సీటు అంకులే పట్టారు. నేను పరుగున వెళ్ళేసరికి ఆయన బల్ల కిందకు వంగి వెతుకుతున్నారు. పుస్తకం లేదు. బల్లలు తుడిచే పెద్దావిడ, అందరూ మక్‌చిక్ అని పిలుచుకునే మలయ్ ఆవిడ, తాను తీయలేదని గుండె మీద చెయ్యి వేసి చెప్పింది. చిన్నప్పట్నుంచీ కాపాడుకున్న వస్తువు పోయింది కదా, ఈయన ఏమైపోతారో అని చూశాను. ఆయన ముఖం మెల్లగా వెలిగింది.

"మనోళ్ళే తీసుకున్నరు బిడ్డా! తెలుగు సదివేటోళ్ళు ఈడ ఇంకొకరు ఉన్నరు!"

"అంకుల్, అది మీ పుస్తకమండీ! పోయిందండీ!"

"పోలే. సదువుతున్నరు."

ఆ సాయంత్రమే స్తంభానికి ఒక కాగితం అంటించారు. తెలుగులో, ఆయన గుండ్రటి చేతిరాతతో. 'పుస్తకం తీసుకున్నవారికి సలాం. తొందర ఏమీ లేదు. పూర్తిగా చదివినంకనే తిరిగి ఇయ్యగలరు. మా బల్ల ఇదే.' అది చూసి నాకు తిక్క రేగింది. ఆయన అటు తిరగగానే దాని కిందే 'తొందర ఉంది' అని రాసి పెట్టాను.

కొన్నాళ్ళకు రమణ వచ్చాడు. శ్రీకాకుళం కుర్రాడు, పక్క కంపెనీలో అప్పుడే చేరాడు. చోప్ అంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు. పుస్తకం రెండు చేతులా పట్టుకుని, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"ఎవులో మర్సిపోనారనుకున్నానండి. మావోల్లదేనని ఇచ్చీడానికి రోజూ ఈ బల్ల కాడే కాసుకుని కూకుంటన్నానండి. ఆ ఒక్క రోజే ముందొదిలినారండి, మిగతా రోజులు నాకు రెండింటికి గాని బువ్వకి పంపరండి. మీరు ముందే తినెల్లిపోతన్నారు. ఈ కాయితం నిన్న గాని నా కంట పడనేదండి, సూసి ఇయ్యాల సెలవెట్టీసినానండి."

అంకుల్ అడిగింది ఒకటే ప్రశ్న. "పూర్తయిందా?"

"అయిందండి. మొదట్నుంచి సివరిదాకా రెండుపాలు సదివినాను."

"మరి నిలబడ్డవేంది? కూసో."

నేను ఆగలేక "చివరికి అన్న దొరికాడా?" అన్నాను. రమణ నోరు తెరిచాడు. అంకుల్ చెయ్యి అడ్డం పెట్టారు. "చెప్పకు! నువ్వు చెప్తే ఆమె విన్నట్టు. సదివితేనే ఆమెకు ఉంటది." పుస్తకం నా ముందుకు తోసి, తనకు ఆకలి దంచేస్తోందంటూ లేచి వెళ్ళారు.

నేను చదివాను. ఆఖరి వాక్యం దగ్గర కళ్ళు మసకబారి, రమణ తన టిష్యూ ప్యాకెట్ నా వైపు జరిపితే తల ఎత్తాను. అంకుల్ దూరంగా స్తంభం దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పట్నుంచి నిలబడ్డారో తెలియదు. నేను పుస్తకం మూశాకే వచ్చి కూర్చున్నారు. ఎలా ఉందని అడగలేదు. చల్లారిపోయిన బిర్యానీ తిన్నారు. ఆ కథ ఎలా ముగుస్తుందో నేనూ ఇక్కడ చెప్పను. ఆయన నియమం నాకూ నియమమే.

ఆ తర్వాత నేను గుంటూరు వెళ్ళినప్పుడల్లా సూట్‌కేసులో ఆవకాయ తగ్గింది, పుస్తకాలు పెరిగాయి. మా అమ్మకు కోపమొచ్చింది. ఆ బల్ల చుట్టూ మనుషులు చేరారు. ప్రాజెక్టు పోయి ఏడుస్తూ వచ్చినవారు, పెళ్ళయి వచ్చి నాలుగు గోడల మధ్య మాట్లాడేవారు లేక వచ్చినవారు, వీసా కాగితాల కోసం గోళ్ళు కొరుక్కునేవారు. ఎవరొచ్చినా ఆయన ముందు పుస్తకం ఎత్తి కుర్చీ చూపించేవారు, పేరు తర్వాత అడిగేవారు. పరాయి ఊళ్ళో ఒంటరిగా అన్నం తినే అవస్థ ఎంత దుర్భరమో ఆయనకు తెలుసు. దానికి ఆయన దగ్గరున్న మందు ఒక కుర్చీ, ఒక కథ. నేను మనిషినైంది ఆ బల్ల దగ్గరే. ఆ మాట ఆయన బతికుండగా చెప్పి ఉంటే, "బిర్యానీ చల్లారుతది, తిను" అని ఉండేవారు.

ఆయన పోయిన రోజు సాయంత్రానికల్లా మగవాళ్ళు ఆయన్ని చువా చూ కాంగ్ ఖబరస్తాన్‌కు తీసుకెళ్ళారు. రమణ కూడా వెళ్ళాడు, ఒక పిడికెడు మట్టి వేసి వచ్చాడు. నేను బుకిట్ బటోక్ ఫ్లాట్‌లో తబస్సుమ్ ఆంటీ పక్కన కూర్చున్నాను. ఇల్లంతా బంధువులు, ఇరుగుపొరుగువారు. కూర్చోవడానికి చోటు లేక కొందరు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆయన ఒరిగిపోయిన ఆ కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. అందులో ఆ పుస్తకం ఉంది. ఎవరు పెట్టారో నేను అడగలేదు. చీకటి పడ్డాక నేను లేవబోతే ఆంటీ ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రేపు సీటుకు తీస్కపో" అంది.

"మీ దగ్గర ఉండనివ్వండి ఆంటీ."

"నా దగ్గర ఉంటే ఇది ఊకె పుస్తకమే. తీస్కపో."

మర్నాడు నేను ముందుగానే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. ఆయన కుర్చీ ముందు పుస్తకం పెట్టి పక్కన కూర్చున్నాను. "బుకు అంకుల్ లేట్ ఆ టుడే?" అంది మక్‌చిక్. మలయ్‌లో బుకు అంటే పుస్తకం, ఆయనకు ఆవిడ పెట్టిన పేరు అది. చెప్పాను. ఆవిడ తుడిచిన బల్లనే ఆ కుర్చీ ముందు మళ్ళీ తుడిచి వెళ్ళింది.

జనం పెరిగారు. పళ్ళేలు పట్టుకున్నవాళ్ళు వచ్చి ఆ కుర్చీ వైపు చూశారు, పుస్తకాన్ని చూసి వెళ్ళిపోయారు. రమణ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఈ ఒక్క రోజుకు ఈ చోటు ఆయనదే, ఎవ్వరికీ ఇవ్వనని నేను పంతం పట్టాను. అంకుల్, మీలాంటి మనిషి మళ్ళీ దొరకరు. దొరుకుతారని ఎవరైనా అంటే నేను వాళ్ళతో పోట్లాడతాను, ఆ బస్సులో మీరు పోట్లాడినట్టు.

అప్పుడొక అమ్మాయి వచ్చింది. మెళ్ళో కొత్త కంపెనీ కార్డు, చేతిలో పళ్ళెం. కుర్చీ కోసం చాలాసేపు తిరిగినట్టుంది, కళ్ళల్లో నీళ్ళు ఆపుకుంటోంది. దాటి వెళ్ళబోయి, పుస్తకం చూసి ఆగిపోయింది.

"ఇది తెలుగేనా అండీ?" అంది. తర్వాత కుర్చీ చూపించి, "ఇక్కడ ఎవరైనా వస్తున్నారా?" అని అడిగింది.

నోటికొచ్చిన మాట 'వస్తున్నారు' అనే. చాలా ఏళ్ళుగా అదే చెప్పాను. రమణ తల దించుకున్నాడు.

"రారమ్మా" అన్నాను. "కూర్చో."

ఆ అమ్మాయి కూర్చుంది. నేను పుస్తకం ఆమె వైపు జరిపి, "కాస్త నా సీటు చూస్తుండు, అన్నం తెచ్చుకుని వస్తా" అని లేచాను.

వరుసలో నిలబడి పళ్ళెం తీసుకుని వెనక్కి తిరిగేసరికి ఆమె చేతిలో పుస్తకం తెరిచి ఉంది. తల వంచి చదువుతోంది. తన పళ్ళెం పక్కకు నెట్టేసింది. నేను స్తంభం దగ్గర ఆగిపోయాను. రమణ నన్ను చూసి లేచి వచ్చాడు.

"ఏటండి, ఇక్కడ నిలబడిపోనారు? సల్లారిపోతంది, రండి."

కాసేపు ఆగమన్నాను.